చిక్కుముడి కట్టిన తాళ్లు

మా తెరచాప పడవ రేవుగట్టును గుద్దుకున్నప్పుడు నేను లోపల కాఫీ కలుపుకుంటున్నాను. గిన్నెలో కాఫీ అంతా నా పాదాల మీద పడింది. కాళ్లు కాలాయి, ఒళ్లు మండింది. ఆ రెండు మంటలతోనూ పైకి వచ్చాను.

మామయ్య, అంటే మా ఆయన నాన్నగారు, చుక్కాని పట్టుకుని, ఏమీ ఎరగనట్టు దూరంగా చూస్తున్నారు. రెండో చేతిలో నీలం తాడు ఉంది. గట్టు దగ్గరికి వచ్చేటప్పుడు పెద్ద తెరచాప దించాలంటే వదలాల్సింది ఆకుపచ్చ తాడు. నీలం తాడు వదిలితే ముందున్న చిన్న తెరచాప వదులవుతుంది తప్ప పెద్దది అలాగే గాలి నింపుకుని పడవను తోస్తూ ఉంటుంది. ఆరు రోజుల ప్రయాణంలో ఈ సంగతి నాకే వచ్చేసింది. ఆ పడవను స్వయంగా కట్టుకున్న మనిషికి తెలియదా?

"గాలి తిరిగిందమ్మాయ్," అన్నారు మామయ్య.

"పొద్దుట్నుంచీ ఒకే వైపు నుంచి వీస్తోంది కదా మామయ్యా."

"నువ్వు లోపలున్నావు. నీకెలా తెలుస్తుంది?"

ఇక్కడ నా గురించి రెండు ముక్కలు చెప్పాలి. నేను డ్రైవింగ్ లైసెన్సుల ఆఫీసులో పరీక్షలు పెడతాను. పద్నాలుగేళ్లుగా రోజుకు ఇరవై మంది పక్కన కూర్చుని, వాళ్లు బ్రేకుకీ క్లచ్చుకీ తేడా తెలిసినవాళ్లా కాదా అని తేలుస్తున్నాను. కంటి పరీక్ష బోర్డు మీద అక్షరాలను బట్టీ పట్టి వచ్చేవాళ్లను పట్టుకోవడం నా ఉద్యోగంలో సగం. అలాంటి వాళ్లు ఎంత గడగడా చదివినా నా దగ్గర పప్పులుడకవని ఆఫీసంతా చెప్పుకుంటారు. ఆ పేరు చూసే మా ఆయన, అత్తయ్య కలిసి నన్ను ఈ పడవ ఎక్కించారు.

మామయ్య డెబ్బై రెండేళ్ల వడ్రంగి. జీవితమంతా ఊళ్లో వాళ్ల ఇళ్లకు తలుపులు, కిటికీలు చేశారు. మిగిలిన వేళల్లో, పెరటి షెడ్డులో, పన్నెండేళ్లు కూర్చుని ఈ పడవ కట్టుకున్నారు. అయితే గత ఏడాదిగా ఆయన చేతిలో ఈ పడవ రెండు పడవలకు గీతలు పెట్టింది, ఒకసారి చేపల వలలోకి దూరింది. "వయసు మీద పడింది. చెబితే వినరు," అన్నారు మా ఆయన. "నువ్వు పది రోజులు వెంట వెళ్లి చూడు. నడపగలరంటే సరే. లేదంటే పడవ అమ్మేద్దాం. నీ మాటే ఆఖరు." అత్తయ్యకు నీళ్ల మీద కడుపులో తిప్పుతుంది కాబట్టి పని నా నెత్తిన పడింది. నేనెందుకు వచ్చానో మామయ్యకు తెలుసు. తెలియనట్టు ఉన్నారు. నేనూ షికారుకు వచ్చినట్టే ఉన్నాను.

రెండో రోజునే సముద్రం మ్యాపు పరిచి పరీక్ష పెట్టాను. ఎక్కడ రాళ్లున్నాయో, ఎక్కడ లోతు ఎంతో చెప్పమన్నాను. వేలు పెట్టి మరీ, కళ్లజోడు లేకుండా, ఒక్కటి తప్పకుండా చెప్పారు. చూపులో లోపం లేదని అప్పుడే తేల్చేసుకున్నాను. ఈ గుద్దడాలన్నీ ఒట్టి మొండితనం, అజాగ్రత్త అనుకున్నాను.

గట్టు మీద నుంచి ఎవరో వస్తున్నారు. వస్తున్నారంటే, మా వైపు వీపు పెట్టి వెనక్కి నడుస్తూ వస్తున్నారు. బక్కపలచటి ముసలాయన. నడుముకు నారకట్ట కట్టుకుని, రెండు చేతులతో నార పేనుకుంటూ, అడుగు వెనక అడుగు వేస్తున్నాడు. దారిలో ఇనుప గుంజ ఉంది, పక్కకు తప్పుకున్నాడు. పీపా ఉంది, చుట్టి వచ్చాడు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. సరిగ్గా మా పడవ పక్కన ఆగి అప్పుడు తిరిగాడు.

"ఏం తల్లీ, దెబ్బ గట్టిగా తగిలిందా?"

"కొంచెం కాళ్లు కాలాయంతేనండీ," అన్నాను.

"నిన్ను కాదు. పడవని అడుగుతున్నా. ఉండు, నీ వంతూ వస్తుంది."

వంగి పడవ పక్కచెక్కను నిమిరాడు, వేళ్ల కణుపులతో రెండు సార్లు కొట్టి చెవి పెట్టాడు. ఒక చెక్క చీలిందన్నాడు. తర్వాత లేచి మామయ్య చేతిలోని తాడును, ఆ తర్వాత మామయ్య ముఖాన్ని చాలాసేపు చూశాడు. "పెద్దాయనా, ఆ ఆకుపచ్చ తాడు చివర ఇటు విసరండి, గుంజకి చుడతాను," అన్నాడు. మామయ్య వెంటనే విసిరారు. గట్టు మీద పడింది ఎర్ర తాడు. "అదే, అదే," అని తీసుకుని చుట్టేశాడు. నాకు ఇద్దరి మీదా ఒళ్లు మండింది.

రేవులో కాఫీ హోటల్ నడిపే ఆవిడ ఆయన చరిత్రంతా చెప్పింది. తాళ్లు పేనడం ఆయన పని. పేనేవాడు నార వదులుతూ వెనక్కి నడవాలి కదా, యాభై ఏళ్లు అలా నడిచి నడిచి ఇక ముందుకు నడవడం మానేశాడట. కూరల కొట్టుకైనా, క్షవరానికైనా వెనక్కే. మనుషులకంటే ముందు పడవలను పలకరిస్తాడు. ఎవరి మీదైనా కోపమొస్తే మాటలనడు. గోడకు వేలాడే ఒక పొడుగాటి తాడుకు ఆ మనిషి పేరున ముడి వేస్తాడు. కోపం పోయిన రోజు విప్పేస్తాడు.

"రేవు ఆఫీసరుకి అయిదు ముడులున్నాయి. నాకు రెండు," అందావిడ, పెద్ద గొప్పలాగా. "ఒకటి కాఫీలో నీళ్లెక్కువైనందుకు. రెండోది ఎందుకో ఇప్పటికీ చెప్పలేదు. అందుకే చిక్కుముడి అంటాం ఆయన్ని. మీరు మాత్రం ఆయనతో పెట్టుకోకండి."

పెట్టుకోకూడదనే అనుకున్నాను. మర్నాడు మామయ్య చీలిన చెక్క తీసి కొత్తది బిగించారు. ఆ పని చూడాల్సిందే. చెక్క అంచు మీద బొటనవేలు పోనిచ్చి, ఎక్కడ ఎత్తుందో అక్కడే చిత్రిక పట్టారు. అమర్చాక ఆ అతుకులో నా గోరు కూడా దిగలేదు. ఇంత నేర్పున్న మనిషి గట్టును ఎలా గుద్దారని కోపం ఇంకా పెరిగింది. చిక్కుముడి గట్టు మీద కూర్చుని పొద్దంతా ఆ చేతులనే చూశాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు గానీ సాయంత్రానికి చిన్నప్పటి స్నేహితుల్లా ఉన్నారు.

రేవుకొచ్చిన మూడో రోజు పొద్దున నేను కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి పడవ మీద రంగు తాళ్లు ఒక్కటీ లేవు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు, అయిదూ మాయం. వాటి స్థానంలో అయిదు కొత్త తాళ్లు, అన్నీ బూడిద రంగువే. నేను తాళ్లను గుర్తుపట్టేదే రంగును బట్టి. మామయ్య రంగులుండగానే తప్పు తాడు లాగుతున్నారు. ఇప్పుడు అన్నీ ఒకలాగే ఉంటే ఇంకేముంది? పైగా మామయ్య ఆ తాళ్ల పక్కన కూర్చుని, కొత్త బట్టలు కుట్టించుకున్న పిల్లాడిలా నవ్వుతున్నారు.

కూరల సంచి అక్కడే పడేసి చిక్కుముడి ఇంటికి వెళ్లాను.

ఇంటి ముందు భాగమే ఆయన పనిచోటు. వెడల్పు నాలుగడుగులు, పొడుగు మాత్రం ముప్పై అంగలు. ఒక చివర కొక్కేలున్న చక్రం, గోడల వెంట నార మోపులు. మధ్యలో నేల మీద, ఆయన పాదాలు తిరిగి తిరిగి, దోసిలి లోతున గాడి పడింది. తలుపు పక్కన ముడుల తాడు వేలాడుతోంది. అందులో ముడి లేని చోటు వెతుక్కోవాలి.

"మా తాళ్లు మాకిచ్చెయ్యండి," అన్నాను. "ఎవర్నడిగి మార్చారు?"

"పడవని అడిగా. సరే అంది."

"మీ వేళాకోళం మీ దగ్గరే పెట్టుకోండి. ఆయనకి పెద్దవయసు. అన్నీ ఒకే రంగైతే ఏది లాగాలో ఎలా తెలుస్తుంది? సముద్రం మధ్యలో తప్పు తాడు లాగితే మా ఇద్దరి ప్రాణాలకి మీరు పూచీనా?"

 చిక్కుముడి గోడ దగ్గరికి వెనక్కి నడిచి, ముడుల తాడు చివర పట్టుకుని, నన్ను చూస్తూనే ఒక ముడి బిగించాడు. అది నా పేరున అని అర్థమైంది. తర్వాత లోపలి గదిలోకి వెళ్లిపోయాడు. నేను వదిలే రకం కాదు. వెంట వెళ్లాను.

లోపల చీకటిగా ఉంది. ఎండలోంచి వచ్చిన కళ్లకు ఏమీ కనబడక గోడ పట్టుకున్నాను. చేతికి సన్నటి తాడు తగిలింది. నడుము ఎత్తున గోడ పొడుగునా బిగించి ఉంది. దాన్ని పట్టుకుని రెండడుగులు వేశాక గుండ్రటి ముడి వచ్చింది; అక్కడ మంచం ఉంది. ఇంకాస్త ముందుకు వెళ్తే జంట ముడి. అక్కడ మంచినీళ్ల కుండ. తర్వాత చిన్న ఉచ్చు; వంటగది గుమ్మం. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి వరసగా మూడు గరుకు ముడులు, జాగ్రత్త అన్నట్టు. అక్కడ నుంచి తాడు పెరటి తలుపు దాటి, ఎండలో వేసిన ఒక పాత కుర్చీ దాకా వెళ్లింది. ఏళ్ల తరబడి చేతులు రాసుకుని తాడంతా నున్నగా మెరుస్తోంది.

"మా అమ్మది," అన్నాడు నా వెనక చీకట్లోంచి. "అరవై ఏళ్లకి చూపు పోయింది. తొంభై దాకా బతికింది. తన వంట తనే చేసుకుంది. ఎండలో కూర్చోవాలనిపిస్తే కూర్చుంది. నన్ను పట్టుకెళ్లమని ఒక్కరోజు అడగలేదు."

 ఆకుపచ్చ అడిగితే ఎర్ర తాడు రావడం గుర్తొచ్చింది. కళ్లజోడు లేకుండా చదివిన మ్యాపు గుర్తొచ్చింది. ముప్పై ఏళ్లుగా తిరిగిన సముద్రం అది. ఆ మ్యాపును ఆయన కళ్లు మూసుకున్నా చెప్పగలరు. మరి నేను చేసిందేమిటి? బోర్డు బట్టీ పట్టిన మనిషి నా ఎదురుగా కూర్చుంటే, గడగడా చదివారని మార్కులేసి పంపాను. పద్నాలుగేళ్ల నా ఉద్యోగం మీద నాకే సిగ్గేసింది. ఆ చెక్క అంచు మీద బొటనవేలు పోనిచ్చినప్పుడైనా నాకు తట్టలేదు. ఈ మనిషికి మాత్రం ఒక్క తాడు విసరగానే తెలిసిపోయింది. ఇక మీదట ఆయన గురించి ఏకవచనంలో రాయలేను.

"మామయ్య మీతో చెప్పారా?" అని అడిగాను.

"లేదు. నేను అడగలేదు. నువ్వూ అడక్కు. మనసయిన రోజు తనే చెప్తాడు." కుర్చీ మీద దుమ్ము దులుపుతూ అన్నారు. "ఆ రంగులు ఆయన్ని రోజూ మోసం చేస్తున్నాయమ్మా. అందుకే తీసేశా. తాళ్ల చివరలు చూశావా?"

చూడలేదు. చూసే ఓపిక నాకెక్కడిది?

"పెద్ద తెరచాప ఎత్తేదానికి ఉసిరికాయంత ముడి. దించేదానికి బిళ్లముడి. ముందు తెరచాపకి ఎడమదానికి రెండు ముడులు, కుడిదానికి మూడు. బిగించేదానికి ఉచ్చు. తాళ్లకి చేతులు చాలు, ఆయన చేతులు నా చేతులకంటే మంచివి. చూపు కావాల్సింది చుక్కానికి." అని నా కళ్లలోకి చూశారు. "నీకు చూపుందిగా?"

"ఆయన చుక్కాని ఎవరికీ ఇవ్వరు. అన్నం తినేటప్పుడు తప్ప నాకెప్పుడూ ఇవ్వలేదు."

"అది నాకొదిలెయ్."

మర్నాడు పొద్దున బయలుదేరబోతుంటే చిక్కుముడి గట్టు మీదకు వెనక్కి నడుస్తూ వచ్చారు. "వడ్రంగిగారూ, మా రేవు పద్ధతొకటుంది," అన్నారు గట్టిగా. "కొత్త తాళ్లు కట్టిన పడవలో, తాళ్లు సొంతదారే లాగాలి. కొత్త తాడు మొదటి చెయ్యి ఎవరిదైతే వాళ్లకే లొంగుతుంది. చుక్కాని ఇంకొకళ్లు పట్టుకోవాలి. అలా అయితేనే గుంజ నుంచి విప్పుతా."

అలాంటి పద్ధతి ఏ రేవులోనూ లేదు. కాఫీ హోటలావిడ కూడా తల ఊపి, "అవునండీ, మా తాతల నాటి పద్ధతి," అంది. ఆవిడ ముడులు ఆ రోజు ఒకటైనా విప్పి ఉంటారని నా నమ్మకం.

 మామయ్య చుక్కాని కొయ్యను అరచేత్తో రెండు సార్లు నిమిరారు. తర్వాత లేచి పక్కకు జరిగారు. "పద్ధతంటే పద్ధతే మరి. రామ్మాయ్, కూర్చో," అన్నారు. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకెంత కష్టమైందో ఆ గొంతులో తెలిసింది. 

పడవ కదిలాక చిక్కుముడి ఏదో చిన్న తాడుముక్క నా ఒళ్లోకి విసిరారు. గోడ తాడు చివర కోసి తెచ్చిన నా ముడి. "నీది నువ్వే విప్పుకో! నాకు తీరిక లేదు!" అని అరిచారు. ఆ తర్వాత, మొదటిసారి, ఆయన ముందుకు నడవడం చూశాను. మాకు ముఖం చూపిస్తూ, మా వెంట గట్టు చివరి దాకా నడిచి, అక్కడ ఆగి చెయ్యి ఊపారు. ఆయన ముందుకు అంత తడబడుతూ నడుస్తారని ఎవరనుకుంటారు!

మధ్యాహ్నానికి వెనక నుంచి నల్లటి మబ్బు తరుముకొచ్చింది. గాలి ఒక్కసారిగా పెరిగింది. పడవ ఒక పక్కకు ఒరిగి, నీళ్లు ఎగిరి నా ముఖాన కొట్టాయి. నా చేతుల్లో చుక్కాని పెనుగులాడుతోంది. భయంతో మామయ్య వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు.

"గాలికి ఎదురు తిప్పు. మెల్లగా... ఆ, అక్కడ పట్టు," అన్నారు. చెయ్యి చాచారు. వేళ్లు బిళ్లముడి మీద పడ్డాయి, పెద్ద తెరచాప సగానికి దిగింది. చెయ్యి జరిగింది, మూడు ముడుల తాడు బిగిసింది. ఇంకోటి వదులైంది. వెతుక్కోలేదు, తడుముకోలేదు, ఒక్కటీ తప్పలేదు. నేను ఒక తాడు పేరు గుర్తు తెచ్చుకునేలోపు ఆయన మూడు పూర్తి చేశారు. పడవ లేచి నిటారుగా నిలబడింది. ఎంతమందినో పక్కన కూర్చోబెట్టుకుని చూశాను గానీ ఇంత చక్కటి పనితనం నేనెప్పుడూ చూడలేదు.

మబ్బు వెళ్లిపోయాక మామయ్య తుండుతో ముఖం తుడుచుకున్నారు.

"అమ్మాయ్. ఆ రోజు గాలి తిరగలేదు."

"ఊఁ."

"గట్టు నాకు కనబడలేదు. మధ్యలో మచ్చలా ఉంటుంది. ఏడాదిన్నరైంది. చెబితే పడవ తీసేసుకుంటారని చెప్పలేదు. తప్పే. నిన్ను కూడా ఎక్కించుకుని తిప్పాను, అది ఇంకా పెద్ద తప్పు."

కోప్పడదామనుకున్నాను. కళ్ల నీళ్లొచ్చాయి. సముద్రపు నీళ్లలో కలిసిపోయాయి గానీ, నా ముక్కు చప్పుడు ఆయనకు వినబడే ఉంటుంది.

ఒడ్డు దగ్గరవుతుంటే ఫోను మోగింది. మా ఆయన. "ఏమంటావ్? పాసా, ఫెయిలా?" అన్నారు నవ్వుతూ. మామయ్య అటు తిరిగి కూర్చున్నారు. చేతులు మాత్రం తాడు మీద కదలకుండా ఆగిపోయాయి.

"కంటి పరీక్ష ఫెయిల్," అన్నాను. దాచడం నాకు చేతకాదు, దాచడం వల్లే ఇంతదాకా వచ్చింది. "ఎల్లుండి సాయంత్రానికల్లా కళ్ల డాక్టరు దగ్గర నంబరు తీసుకోండి. ఏడాదిన్నరగా ఒకే ఇంట్లో ఉండి మనం ముగ్గురం కనిపెట్టలేకపోయాం, సిగ్గుండాలి మనకి."

"అయ్యో! అయితే పడవ అమ్మేద్దాం..."

"నా మాటే ఆఖరన్నారు కదా, వినండి. తాళ్ల పరీక్షలో ఆయనకి నూటికి నూరు. ఒంటరిగా వెళ్లడం ఇక ఉండదు. చుక్కాని నాది, తాళ్లు ఆయనవి. సెలవు దొరికినప్పుడల్లా వెళ్తాం. పడవ అమ్మే మాట ఇంకోసారి ఎత్తారంటే మీ పేరున ఒక ముడి వేస్తాను."

"ముడేమిటి?" అంటుండగానే పెట్టేశాను.

 మామయ్య చెయ్యి చాచారు. "పొద్దుట్నుంచీ ఏదో గిల్లుతున్నావు. ఇలా ఇయ్యి." నా ముడి ఉన్న తాడుముక్క ఇచ్చాను. అంతసేపూ నా గోళ్లకు లొంగని ముడి ఆయన వేళ్లలో రెండు మెలికలతో విడిపోయింది. తాడు సాఫు చేసి నాకిచ్చి, తల కొంచెం పక్కకు వాల్చి విన్నారు.

"తెరచాప అంచు కొట్టుకుంటోంది, వినబడటం లేదూ? కాస్త ఎడమకి తిప్పు."

నాకు వినబడలేదు. తల ఎత్తి చూస్తే, నిజమే, చివర సన్నగా అల్లాడుతోంది. ఎడమకు తిప్పాను.